ఒక్క పత్తి, రెండు పట్టాలు

ఇంటర్వ్యూల నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్క దేశంలో చదివితే సరిపోదా?" అని.

తొంబైల మొదట్ల హైదరాబాద్‌ల జరిగిన ఇంటర్వ్యూ అది. బల్లకు అవతల ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకామె, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒకాయన, వాళ్ల నడుమ ఢిల్లీ పెద్దమనిషి ఒకాయన కూసున్నరు. కోర్సు పేరు అంతర్జాతీయ రాజకీయార్థశాస్త్రం. మొదటి యేడు ఇంగ్లండ్ల చదవాలె. తర్వాత నాలుగు నెలలు ఎవరి దేశానికి వాళ్లు పోయి, తాము ఎంచుకున్న విషయం మీద తిరిగి సమాచారం తెచ్చుకోవాలె. ఆఖరి యేడు ఫ్రాన్సుల. రెండు యూనివర్సిటీలకు రెండు థీసిస్‌లు రాస్తే, రెండు దేశాల రెండు ఎం.ఏ. పట్టాలు ఇస్తరు. కర్చంత స్కాలర్‌షిప్పు మీదనే.

నేను ఎక్కువ ఆలోచించలే.

"మా పక్క జిల్లా ఆదిలాబాద్ సార్. అక్కడ పెన్‌గంగ అని నది ఉన్నది. ఇవతలి ఒడ్డున పండిన పత్తిని ఎవరైనా కొనవచ్చు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. అక్కడ పండినదాన్ని సర్కారుకే అమ్మాలి. నేల ఒక్కటే, వాన ఒక్కటే, పత్తి ఒక్కటే. చట్టం మారగానే ధర మారుతుంది. ఒక ఒడ్డున నిలబడి చూసినవాళ్లకు సగమే కనబడుతుంది" అని ఇంగ్లీషుల చెప్పిన.

ఫ్రాన్సు ఆయన కలం కింద పెట్టి, "ఇది మీరు ఎక్కడ చదివారు?" అని అడిగిండు.

"చదవలేదు. మా మేనత్త వాళ్ల దుకాణంలో విన్నాను" అన్న.

అది నిజమే. మాది హుస్నాబాద్ పక్కన పల్లె. తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్ల మీదికొచ్చి బళ్లు బంద్ పెట్టిన యేడు నేను పుట్టిన. "బళ్లు మూసిన యేడు పుట్టింది గని, బడి ఇడిసిపెడుతలేదు" అని మా బాపు నవ్వుతుండె. ఎండకాలం సెలవులు, దసరా సెలవులు ఆదిలాబాద్‌ల మా మేనత్త ఇంట్లనే గడిచేటియి. ఆమెను నేను అత్తమ్మా అని పిలుస్త. మా మామది పత్తి అడ్తి దుకాణం. అడ్తి అంటే రైతు తెచ్చిన సరుకును కొనే ఖరీదుదారుకు అమ్మిపెట్టి, నడుమ కమీషన్ తీసుకునే దుకాణం. అవతలి ఒడ్డు నుంచి మరాఠీ రైతులు బండ్లు కట్టుకొని వచ్చి ఆ దుకాణం ముంగట దిగుతుంటె, నేను లోపటి అర్రల కూసొని వాళ్ల మాటలు వినుకుంట పెరిగిన.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు మామ గుండె నొప్పితోటి పోయిండు. అందరు దుకాణం ఎత్తేస్తరనుకున్నరు. అత్తమ్మ ఎత్తెయ్యలే. పిల్లలు లేరు, అయినా "నాకు తెల్సిన పని గిదొక్కటే" అని లోపటి అర్రల కూసొని నడిపిచ్చింది. హర్రాస్, అంటే వేలం పాట, జరిగే ప్లాట్‌ఫారం కాడికి మాత్రం ఆమె పోకపోతుండె. అక్కడికి ఆడోళ్లు కూలికి పోతరు గని, బేరానికి పోరు. గుమాస్తా పోయి వచ్చి చెప్పేటోడు, ఈమె లోపట కూసొని తేల్చేది.

సీటు వచ్చిందని తెలిసినంక ఇంట్ల ఒక దినమంత పంచాయితే.

"ఒక్క ఎం.ఏ. ఉండనే ఉండె. ఇంక రెండెందుకే?" అన్నది అవ్వ, అంటే మా అమ్మ. "ఒకటి తక్కువైతే ఎవలన్న అడిగిన్రా?"

బాపు అప్పుడే చేనుకెల్లి వచ్చిండు. కాళ్లు కడుక్కుంట అన్నడు: "మనం పత్తి సాళ్ల నడుమ కంది ఎందుకేస్తం? ఒక్క దున్నకానికి రెండు పంటలు. పోనీయి దాన్ని."

అవ్వ లేచి నా పెట్టెల చింతపండు పెట్టింది, అదీ బరువు చూడకుంట.

* * *

ఇంగ్లండ్ల నేను దిగిన ఊరు ఒకప్పుడు నూలు మిల్లులతోటి బతికిన ఊరు. ఎర్ర ఇటుకల మిల్లులు, పొగ రాని పొడుగు గొట్టాలు. కొన్నిట్ల గోదాములు పెట్టిన్రు, కొన్ని ఊకనే పడి ఉన్నయి. హాస్టల్ కిటికీల నుంచి ఒక గొట్టం కనపడేది. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల గొట్టాలకు ఇది పెద్దక్క లెక్క ఉన్నదని మొదటి దినమే అనిపిచ్చింది. దాంతోటి నాకు ఆ ఊరు పరాయిగ అనిపియ్యలే.

క్లాసుల పదిహేడు దేశాలోళ్లు ఉన్నం. మాట్లాడటానికి నేను భయపడలే. నా ఇంగ్లీషు గోదావరి దాటని ఇంగ్లీషు, అయినా అందరిదీ ఏదో ఒక నది దాటని ఇంగ్లీషే. కష్టం మాటల కాడ రాలే, రాత కాడ వచ్చింది. మొదటి వ్యాసం పత్తి మీదనే రాసిన. మార్కెట్ ఎట్ల నడుస్తది, బండి ఎట్ల వస్తది, ఖరీదుదారు పత్తిల చెయ్యి పెట్టి తేమ ఎట్ల చూస్తడు, అన్నీ రాసిన. మా ప్రొఫెసర్ ముసలాయన, పొడుగ్గ ఉంటడు. కాయితాలు నా చేతిల పెట్టి మెల్లగ అన్నడు:

"చాలా బాగుంది. నేను ఎన్నడూ చూడని ఊరును చూపించావు. కానీ నీ వాదన ఏమిటి?"

"వాదన అంటే?"

"ఎవరో ఒకరు కాదనగలిగే మాట. ఇందులో ఎవరైనా కాదనగలిగే మాట ఒక్కటీ లేదు."

మార్కులు కింది నుంచి లెక్కపెడితే తొందరగ దొరికేటట్టు వచ్చినయి. ఆ సాయంత్రం వంటింట్ల పచ్చిపులుసు పిసుకుతున్న. అవ్వ పెట్టిన చింతపండు అట్ల పనికొచ్చింది. పక్క రూముల ఘనా దేశం అమ్మాయి ఉంటుండె, నా క్లాసే. ఆమె వచ్చి గిన్నెల వేలు ముంచి నాకి, ఇంకో గిన్నె తెచ్చుకున్నది. నేను వ్యాసం సంగతి చెప్పిన, నది సంగతి చెప్పిన. ఆమె తినుడు ఆపి నా దిక్కు చూసింది.

"మా ఇంట్లో కోకో పండిస్తారు. కోకో అంతా ప్రభుత్వ బోర్డుకే అమ్మాలి. సరిహద్దు అవతల ధర ఎక్కువుంటే మావాళ్లు తెల్లారేసరికి అవతల ఉంటారు. మీ రైతులు నది దాటితే దొంగలా, తెలివైనవాళ్లా?"

"రెండూ కాదు" అన్న. "ఏ చట్టం బాగుందో కాళ్లతోటి ఓటు వేస్తున్నరు."

అన్నంక నాకే తెలిసింది, అది కాదనదగిన మాట అని.

రెండో వ్యాసం ఆ ఒక్క మాట మీద కట్టిన. ఘనా కోకో ఒక పక్క, పెన్‌గంగ పత్తి ఒక పక్క. సర్కారు ధర కడితే సరుకు ఆగదు, దారి మార్చుకుంటది. ఆ దారి మీద ఎవరు కూసున్నరన్నదే అసలు రాజకీయం. ముసలాయన క్లాసుల దాన్ని గట్టిగ చదివి వినిపిచ్చిండు. ఇద్దరు ముగ్గురు కాదన్నరు. నేను లేచి జవాబు చెప్పిన. ఆ సంవత్సరం మిగిలిందంత నాకు ఎక్కడా అడ్డు తగలలే. సాయంత్రాలు ఫ్రెంచ్ క్లాసులకు పోయిన, పగలు లైబ్రరీల ఉన్న. థీసిస్ విషయం ఏందని ఎవరన్న అడిగితే, తడుముకోకుంట "ఆదిలాబాద్" అంటుంటి.

* * *

పత్తి మార్కెట్‌కు వచ్చే కాలానికి సరిగ్గ ఆదిలాబాద్‌ల దిగిన.

మొదటి దినం గుమాస్తాతోటి కలిసి మార్కెట్ యార్డుకు పోయిన. భుజానికి సంచి, చేతిల నోట్‌బుక్కు, కాళ్లకు ఇంగ్లండ్ల కొన్న బూట్లు. ప్లాట్‌ఫారం పొంటి బండ్లు, ట్రాక్టర్లు తెల్లగ నిండుకొని వరుసగ నిలబడి ఉన్నయి. నన్ను చూడంగనే మాటలు ఆగిపోయినయి. ఒక దుకాణం షట్టర్ సగం కిందికొచ్చింది. ఇంకొకాయన గుమాస్తాను పక్కకు పిలిచి అడిగిండు: "టాక్స్ ఆఫీసుల కొత్తగొచ్చిన మేడమా?"

"కాదు సేట్, మా అక్క మేనకోడలు. చదువుకుంటున్నది."

"గీ వయసుల? ఏం చదువు?"

గుమాస్తా నా దిక్కు చూసిండు. అంతర్జాతీయ రాజకీయార్థశాస్త్రం అనే మాట ఆ యార్డుల నా నోట్లకెల్లి రాలే. "పత్తి చదువు" అన్న. ఆయన తల ఊపి షట్టర్ ఎత్తిండు. నాకు అదే బాగుందనిపిచ్చింది. ఆ నాలుగు నెలలు నా చదువు పేరు అదే.

మరాఠీ రైతులు మాత్రం నోరు విప్పలే. వాళ్ల పత్తి నది దాటి వచ్చుడే నేరం. నోట్‌బుక్కు పట్టుకొని అడిగితే ఎవరు చెప్తరు? "ఏ ఊరు?" అంటే ఇవతలి ఒడ్డు ఊరి పేరు చెప్పి ముఖం తిప్పుకునేటోళ్లు. వారం దినాలు తిరిగి ఖాళీ చేతులతోటి ఇంటికొచ్చిన. అత్తమ్మ రొట్టె వేస్తున్నది.

"రైతును ఎండల నిలబెట్టి అడిగితే ఏం చెప్తడు?" అన్నది. "దుకాణంకు తోలుకరా. నేను అడుగుత."

తెల్లారినంక ఆమె లోపటి అర్రలకెల్లి కుర్చీ తెచ్చి దుకాణం ముంగట ఏసుకున్నది. నాకొక స్టూలు. రైతులకు బెంచి, చాయ. మామ ఉన్నప్పటి సంది వస్తున్న రైతులు కాబట్టి ఆమెను వహినీ అని, అంటే వదినా అని పిలిచి కూసునేటోళ్లు. నాకు మరాఠీ సగం సగమే సమజైతది కాబట్టి, ఆమె మరాఠీల అడిగేది, నాకు తెలుగుల చెప్పేది. ఒక దినం ఒక పెద్దాయన రెండే మాటలు చెప్పిండు. అత్తమ్మ నాకు అయిదు నిమిషాలు చెప్పింది.

"అత్తమ్మా, ఆయన గంత మాట్లాడలేదు గదా?"

"ఆయన చెప్పిన దానికి ముంగటిది వెనుకది నేను కలుపుతున్న."

"నువు కలపకు. ఆయన చెప్పిందే చెప్పు."

"గట్లయితే నీకు సగమే సమజైతది" అని మొఖం ముడుసుకున్నది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చినం. రైతు చెప్పింది ముంగట, అత్తమ్మ చెప్పింది తర్వాత, రెండు వేరే వేరే పేజీలల్ల. ఆమె చెప్పిన వాటిల కొన్ని తప్పులున్నయి, కొన్ని ఏ పుస్తకంల లేని నిజాలున్నయి. మేం కొట్లాడుకుంటుంటె చూడటానికే కొందరు రైతులు ఇంకో చాయ తాగేదాంక కూసునేటోళ్లు.

సంక్షిప్తంగ చెప్తె, నాకు అర్థమైంది ఇది. ఇవతలి ధర అవతలి సర్కారు ధర కంటె ఎక్కిందంటే తెల్లారే వరకు బండ్లు నది దాటేటియి. తగ్గిందంటే ఒక్క బండి రాకపోయేది. మరి ఇవతలి ధరను ఎక్కిచ్చేది ఎవరు? బొంబాయి వ్యాపారులు. బొంబాయిని ఆడిచ్చేది? దూది ఎంత బయటి దేశాలకు పోవచ్చునో చెప్పే ఢిల్లీ కోటా. ఢిల్లీ చూసేది ఎక్కడెక్కడి దేశాల ధరలనో. బెంచి మీద చాయ తాగుతున్న ఆయనకు, నేను ఇంగ్లండ్ల చూసిన పొగ రాని గొట్టాలకు నడుమ ఉన్న తొవ్వంత నాకు కండ్ల ముంగట పరుచుకున్నట్టయింది.

* * *

ఆ దినం హర్రాస్ సగంల ఉండంగ ఆగిపోయింది.

నేను ప్లాట్‌ఫారం కాడనే ఉన్న. పాట పాడుతున్న ఖరీదుదార్ల కాడికి ఎవరో వచ్చి చెవుల ఏదో చెప్పిన్రు. ఒకరి వెనుక ఒకరు పక్కకు పోయిన్రు. పది నిమిషాలల్ల యార్డంత ఒకటే మాట: ఢిల్లీ ఎగుమతులు బంద్ చేసిందట, బయటికి ఒక్క బేలు పోదట. ఎవరు పుట్టిచ్చిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు. ఇద్దరు ముగ్గురు ఖరీదుదార్లు మాత్రం నిలబడి, పొద్దుగాలటి ధరల సగానికి కొంచెం మీద పెట్టి కొంటమన్నరు. ఇంటికి మళ్లే దారి లేనోళ్లు కొందరు ఇచ్చేసిన్రు. మిగిలినోళ్లు బండ్లు తోలుకపోయి రోడ్డుకు అడ్డం పెట్టి కూసున్నరు. బస్సులు ఆగినయి.

అవతలి ఒడ్డోళ్ల పని ఇంకా అన్యాయం. రోడ్డు మీద కూసుంటే పోలీసులకు దొరుకుతరు, వెనుకకు పోతే చెక్‌పోస్టుల దొరుకుతరు. వాళ్లు మా దుకాణం ముంగట గుంపు కట్టిన్రు.

"కాయ్ ఝాలం, వహినీ?" ఏమైంది వదినా అని ఒక్కటే అడుగుడు.

అత్తమ్మ నా దిక్కు తిరిగింది. "నాకేం తెల్సు? నువు చదువుతున్నది గిదే గదా. చెప్పు."

నిజానికి నాకు తెల్వదు. కాని ఎవరిని అడగాల్నో తెలుసు. ఎస్.టి.డి. బూతుకు ఉరికి హైదరాబాద్‌ల మా పాత ప్రొఫెసర్‌కు ఫోన్ చేసిన. ఆయన బొంబాయిల తనకు తెలిసినోళ్లను కనుక్కుంటనన్నడు. బూతుల కూసొని ఎదురుచూసిన. మల్ల ఫోన్ కలిసినప్పుడు ఆయన ఒకటే మాట చెప్పిండు: "బంద్ కాలేదమ్మా. ఈ విడత కోటా అయిపోయింది, అంతే. వచ్చే విడత ఎంత అనేది ఇంకా తేల్చలేదు. తేల్చకపోవడానికి, బంద్ చేయడానికి చాలా తేడా ఉంది."

దుకాణానికి వచ్చి అత్తమ్మకు చెప్పిన. ఆమె రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నది.

"గీ మాట అందరి ముంగట చెప్తవా?"

"చెప్త."

"నడు మరి."

చెప్పులేసుకొని, కొంగు నడుముకు చెక్కుకొని, దుకాణం దిగి నడిచింది. గుమాస్తా "అక్కా, మీరెందుకు, నేను పోత" అని వెంబడి ఉరికిండు. ఆమె ఆగలే. యార్డు నడుమకెల్లి పోయి ప్లాట్‌ఫారం మెట్లెక్కింది. ఇరవై యేండ్ల సంది ఆ మెట్లకు పక్కన దుకాణం ఉన్న మనిషి, ఎక్కుడు అదే మొదలు. నేను వెనుకనే ఎక్కిన. అడ్తిదార్లు, ఖరీదుదార్లు, రోడ్డు కాడికెల్లి రైతులు, అందరు ముంగటికొచ్చిన్రు.

నేను తెలుగుల చెప్పిన. కోటా అంటే ఏంది, ఎవరిస్తరు, విడతలంటే ఏంది, ఏది అయిపోయింది, ఏది తేలలే. యేడాది సంది ఇంగ్లీషుల మోసిన మాటలన్నీ వేలానికి హర్రాస్, ఒప్పందానికి కరారు, కోటాకు హద్దు అనే మాటలల్లకు తేలికగ దిగినయి. అత్తమ్మ మరాఠీల చెప్పింది. ఈసారి ఏం కలపలే. నేను వినుకుంటనే ఉన్న.

ఒక ఖరీదుదారు గట్టిగ అడిగిండు: "వచ్చే విడత ఇస్తరని నీకు గ్యారంటీ ఉన్నదా?"

"లేదు" అన్న. "ఇయ్యరని మీకు ఉన్నదా?"

గుంపుల నవ్వు లేసింది. ఆయన కూడ నవ్విండు. అప్పుడు అత్తమ్మ అందుకున్నది: "తెల్వనప్పుడు తెల్వని ధర పెట్టున్రి సేట్. సచ్చినోని ధర పెట్టకున్రి. రేపు పొద్దుగాల హర్రాస్ పెట్టున్రి. పెట్టకపోతే రైతు నా దుకాణానికీ రాడు, మీ మిల్లుకూ రాడు."

అడ్తిదార్లల్ల పెద్దాయన తల ఊపిండు. పొద్దుగూకేసరికి రోడ్డు మీది బండ్లు యార్డులకు వచ్చినయి. అవతలి ఒడ్డు బండ్లు మా దుకాణం వెనుక దొడ్డిల నిలబెట్టిచ్చింది అత్తమ్మ. తెల్లారి హర్రాస్ నడిచింది. ముందటి ధర రాలే. ముందటి దినం పొద్దుగాలటి దానికి తక్కువనే, భయపెట్టిన ధరకు మాత్రం మస్తు మీద.

ఆ దినమే ఒక పెద్దమనిషి దుకాణంకు వచ్చిండు. తలకు తెల్ల రుమాలు, అవతలి ఒడ్డాయన. ముందటి దినం భయపడి ఇచ్చేసినోళ్లల్ల ఒకడు. కోపం చెయ్యలే. చాయ తాగి, కప్పు కింద పెట్టి, నన్ను మరాఠీల ఒక్క మాట అడిగిండు: "బిడ్డా, గీ ఫోన్ జర ముంగట ఎందుకు చెయ్యకపోతివి?" అత్తమ్మ తెలుగుల చెప్పేదాంక ఆగే అవసరం రాలే. నాకు సమజైంది. నోట్‌బుక్కు తెరిచి, ఆయన అడిగింది అడిగినట్టు రాసుకున్న.

* * *

ఫ్రాన్సుకు చేరేసరికి గడ్డ కట్టే చలి.

నేను కిరాయికి ఉన్న ఇంటి ముసలమ్మకు చెవులు సరిగ్గ వినపడయి. నా ఫ్రెంచ్ తప్పులకు ఆమెకు పట్టింపు లేకుండె, గొంతు చిన్నగుంటేనే కోపం. "గట్టిగా!" అని బల్ల మీద చెంచాతోటి కొట్టేది. అట్ల నా ఫ్రెంచ్ వ్యాకరణం కంటె ముంగట గొంతు దిక్కు పెరిగింది. బేకరీల రొట్టె అడిగితే వెనుకోళ్లు తిరిగి చూసేటోళ్లు.

ఆ యేడు రెండు థీసిస్‌లు ఒకేసారి రాసిన. పొద్దుగాల ఇంగ్లీషుది, మధ్యాహ్నం ఫ్రెంచ్‌ది. పత్తి ఒక్కటే, నోట్‌బుక్కులు అవే, రాత మాత్రం రెండు తీర్లు. ఇంగ్లండ్ ముసలాయన నా ముసాయిద చదివి పంపిచ్చిండు: హర్రాస్ ఆగిన దినం కథ బాగుంది గాని అది ఒక్క దినం, ఒక్క యార్డు, దాని మీద వాదన నిలబడదు, పేజీ అడుగున చిన్న వివరణగా పెట్టు, ముందుకు తేవాల్సింది రెండు ఒడ్డుల ధరల పోలిక. ఫ్రాన్సుల నాకు గైడ్‌గ ఉన్నామె చిన్న మనిషి, పెద్ద కండ్లద్దాలు. ఆమె అదే ముసాయిద చదివి అన్నది:

"అసలు సంగతిని నువ్వు చివరికి దాచిపెట్టావు. ఆ రోజే నీ థీసిస్. రెండు భాగాలు చెయ్యి. మొదటిది ఆ రోజుకు ముందు ఆ మార్కెట్ ఎలా తయారైంది. రెండోది ఆ రోజు అందరూ ఏం చేశారు. ఒక్కో భాగంలో మళ్లీ రెండేసి. అంతకు మించి వద్దు."

మొదట్ల పరేషాన్ అయిన. ఒకరు పక్కకు పెట్టుమన్న దాన్ని ఇంకొకరు నడుమల పెట్టుమంటున్నరు. ఎవరి మాట నిజం? నాలుగు దినాలు ఏం రాయలే. తర్వాత సమజైంది, ఎవరికి ఏం కావాల్నో అది అడుగుతున్నరని. ఇంగ్లండ్ ఆయన అడిగేది, ఇది ఇంకెక్కడన్న జరుగుతదా అని. ఫ్రాన్సు ఆమె అడిగేది, ఇక్కడ ఇది ఎట్ల జరిగింది అని. ఇద్దరికి ఇద్దరికీ జవాబు నా దగ్గరున్నది. ఒక్క దేశంల చదివితే నేను ఒక్క ప్రశ్ననే నేర్చుకొని, అదే చదువు అనుకుంటుంటి. ఇగ ఫికర్ లేకుంట రాసిన. హర్రాస్ ఆగిన ఆ దినం ఇంగ్లీషుల పేజీ అడుగున ఏడు వరుసలయింది, ఫ్రెంచ్‌ల సగం థీసిస్ అయింది.

ఇంగ్లీషు థీసిస్ ఇంగ్లండ్ల మంచి గ్రేడుతోటి పాసైంది. ఫ్రాన్సుల మాత్రం ముగ్గురి ముంగట కూసొని ఫ్రెంచ్‌లనే జవాబులు చెప్పాలె. ఆ దినం మా ముసలమ్మ కూడా గొంతు వినపడుతదని ముంగటి వరుసల వచ్చి కూసున్నది. అడ్తి అనే మాటకు ఫ్రెంచ్‌ల సరిగ్గ సరిపోయే మాట దొరకలే. దలాలి అంటే సగమే, రైతుకు అప్పు కూడ ఇస్తది గదా అని బ్యాంకు అంటే అదీ సగమే. అందుకని అడ్తి అనే అన్న. కొంచెంసేపటికి ఆ ముగ్గురు కూడా అడ్తి, అడ్తి అనుకుంటనే అడుగుతున్నరు.

నడుమ కూసున్న ఆయన కాయితాలు పక్కకు పెట్టి అడిగిండు: "అమ్మాయీ, మీరు ఫోన్ చేశారు. అంటే చూడటానికి వెళ్లిన మార్కెట్‌ను మీరే మార్చారు. మరి ఇది పరిశోధన ఎలా అవుతుంది?"

నేను ఈ ప్రశ్న వస్తదని అనుకున్ననే. రాత్రంత జవాబు కూడ తయారు చేసుకున్న. కాని నోటికి అది రాలే, వేరేది వచ్చింది.

"ఆ రోజు ఆ యార్డులో ఊరికే చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు సార్. వదంతి తెచ్చినవాళ్లు ఏదో చేశారు, లేచిపోయిన ఖరీదుదారులు ఏదో చేశారు, రోడ్డు మీద కూర్చున్న రైతులు ఏదో చేశారు. నేను నోరు మూసుకుంటే అది కూడా ఒక పక్కకు సాయం చేసినట్టే. నేను చేసింది దాచలేదు. రెండో భాగం చివర్లో రాశాను. మిగతావాళ్లను ఎలా పరీక్షిస్తారో నన్నూ అలాగే పరీక్షించండి."

ఆ మాటలు నేను చాలా గట్టిగ చెప్పిన్నట. తర్వాత ఎవరో చెప్పిన్రు, బయట నడవల పోతున్నోళ్లు కూడ ఆగి విన్నరని. ముసలమ్మ మాత్రం తల ఊపింది. లోపట మాట్లాడుకొని వచ్చి ఆ ముగ్గురు అన్నిటికంటె మీది శ్రేణి ఇచ్చిన్రు.

* * *

ఢిల్లీ రైలు మంచిర్యాలల దిగేసరికి ప్లాట్‌ఫారం మీద బాపు, అత్తమ్మ ఉన్నరు. బాపు పెట్టె అందుకొని బరువు చూసి, "రెండు పట్టాలు గింతేనా?" అన్నడు. అత్తమ్మ ఆదిలాబాద్ నుంచి బస్సుల వచ్చింది. పోయిన యేడు సీజనంత తనే హర్రాస్‌కు పోయిందట. "గుమాస్తా ఇంట్ల కూసొని లెక్కలు చూస్తుండు" అని నవ్వింది. ఆమెను చూసి జైనథ్ ఊరి దిక్కు ఇంకొకామె కూడ భర్త దుకాణం కాడ కుర్చీ బయటికి ఏసుకున్నదట.

ఢిల్లీల ఒక పరిశోధన సంస్థ పిలిచింది. పోలే. కరీంనగర్‌ల డిగ్రీ కాలేజీల లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టిన. బయటి పట్టాలు కూడ లెక్కలకు రావాలంటే, వాటి విలువ మన ఎం.ఏ.కు సమానమని సర్టిఫికెట్ తెమ్మన్నరు. ఆఫీసుల చుట్టు తిరిగిన. "రెండు సమానాలు తెచ్చిన సార్, ఒకటి ఎక్కువుంటే మీ దగ్గర ఉంచుకున్రి" అని ప్రిన్సిపాల్‌తోటి అంటే ఆయన గదంత వినపడేటట్టు నవ్విండు.

నా సబ్జెక్టుకు అక్కడ పేపర్ లేదు. అంతర్జాతీయ వ్యాపారం అని బి.ఏ. మూడో సంవత్సరంల ఒక పేపర్ ఉండె. మొదటి క్లాసుల బోర్డు మీద పుస్తకంల ఉన్నట్టు సూత్రాలు రాయబోయి, చాక్‌పీసు ఆపిన. వెనుక బెంచిల ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, గీ పేపర్ల మనుషులు పోవుడు ఉంటదా? సరుకులు పోవుడేనా?"

"ఎందుకడుగుతున్నవ్?"

"మా అన్న దుబాయిల ఉంటడు మేడమ్. మా ఊర్ల ఇంటికొకరు పోయిన్రు. గా దేశపు కాయిద, చట్టం ఏందో, మనది ఏందో ఎవ్వలకు తెల్వదు."

పుస్తకంల అది లేదు. "ఇంకెవరింట్ల పోయిన్రు?" అని అడిగిన. క్లాసుల సగం కంటె ఎక్కువ చేతులు లేసినయి. బోర్డు మీద రాసింది తుడిసి, ఆ అమ్మాయిని ముంగటికి పిలిచి చాక్‌పీసు చేతికిచ్చిన.

"మీ అన్న ఊర్లకెల్లి ఎట్ల పోయిండో మొదటి సంది చెప్పు. ముంగట ఎవరి కాడికి పోయిండు?"

"జగిత్యాలల ఏజెంటు కాడికి మేడమ్" అని ఆమె బోర్డు ఎడమ మూలకు జగిత్యాల అని రాసింది. "ఆడికెల్లి బొంబాయి..."

వెనుకకెల్లి ఒక పిలగాడు, "మా బావ బొంబాయిల మూడు నెలలున్నడు, ఆడ ఇంకో ఏజెంటు ఉంటడు" అని లేసిండు. గంట కొట్టినా ఎవరూ కదలలే.